భయం పోయింది, పరుగూ ఆగింది: మళ్లీ దేన్ని పట్టుకుని మొదలుపెట్టాలి?

ప్రశ్న (నల్లగొండ):
నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని, వయసు 44. నిరుడు రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రక్తంలో చక్కెర సగటు చెప్పే లెక్క) 6.3 వచ్చింది. అది 6.5కు చేరితే షుగరు వచ్చినట్టేనని డాక్టరు గారు చెప్పడంతో, మర్నాడే పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద పరుగు మొదలుపెట్టాను. మొదట్లో ఒక నిమిషం పరుగెత్తితే రెండు నిమిషాలు నడవాల్సి వచ్చేది. ఐదు నెలలు తిరిగేసరికి ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తగలిగాను, పరీక్షలో 5.6 వచ్చింది. విచిత్రమేమిటంటే, ఆ కాగితం చేతికి వచ్చిన వారంలోనే అలారం ఆపి పడుకోవడం అలవాటైంది. బద్ధకమనుకుందామంటే, బడికి ఒక్కనాడూ ఆలస్యంగా వెళ్లినవాడిని కాను. ఏళ్ల తరబడి పరుగెత్తుతున్నవారు మొదట ఎందుకు మొదలుపెట్టారో, ఇప్పుడు ఎందుకు కొనసాగిస్తున్నారో చెప్పగలరా?

జవాబు 1 (మహబూబ్‌నగర్):
సార్, 2022 పోలీసు నోటిఫికేషన్ కోసం పరుగు మొదలుపెట్టినవాళ్లలో నేనూ ఒకడిని. మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. అంటే 400 మీటర్ల ట్రాకు మీద ఒక్కో చుట్టుకు దాదాపు 1 నిమిషం 49 సెకన్లు. కొన్ని నెలలు నా బతుకంతా ఆ లెక్క చుట్టూనే తిరిగింది. పరుగులో గట్టెక్కాను గాని, తుది రాతపరీక్షలో మార్కులు చాలలేదు. ‘ఏమైంది’ అని అడుగుతారన్న సిగ్గుతో నాలుగు నెలలు గ్రౌండు వైపే పోలేదు. చివరికి మా వీధి కుర్రాళ్లు టైం చూసి చెప్పమని పిలిస్తే వెళ్లాను. వాళ్లు మొదటి చుట్టులోనే దమ్మంతా ఖర్చుచేసుకుని మూడో చుట్టులో చతికిలబడుతుంటే చూడలేక, నాలుగు చుట్లకూ వేగం ఎలా పంచుకోవాలో చూపించడానికి వాళ్ల పక్కనే పరుగెత్తాను. ఇప్పుడు నాకు రాయాల్సిన పరీక్ష ఏదీ లేదు. అయినా 5 గంటలకు వాళ్లు గేటు దగ్గర నిలబడి ఉంటారు కాబట్టి లేవక తప్పదు. కట్ట మీద రోజూ కనిపించేవారిలో ఒకరితో ముందే వేళ మాట్లాడుకోండి.

జవాబు 2 (దేవరకొండ):
అన్నా, నేను రెండో కాన్పు తర్వాత పెరిగిన 11 కిలోలు తగ్గడానికి మొదలుపెట్టాను. తగ్గాను, మళ్లీ సగం పెరిగాను కూడా. బరువునే నమ్ముకుని ఉంటే నా పరుగు ఏ సంక్రాంతికో ఆగిపోయేది, సకినాల ముందు ఏ పట్టుదలా నిలవదు. మా అమ్మ పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. అది ఎముకల్లో పేరుకుపోవడంతో యాభై నిండకముందే ఆమె మోకాళ్లు బిగుసుకుపోయాయి, నడుము వంగిపోయింది. అట్లా వంగిన ఎముకలను మళ్లీ మామూలుగా చేసే మందు లేదు. ఒకనాడు ఆమెను కాలేజీ గ్రౌండుకు తీసుకెళ్లాను. నేను రెండు చుట్లు పరుగెత్తి వస్తే, గట్టు మీద కూర్చున్న అమ్మ, ‘నీ మోకాళ్లు ఎంత మంచిగ వంగుతున్నయి బిడ్డా’ అన్నది. అది విని మూడేళ్లయింది. కుక్కలు వెంటబడినా, కొంగు దోపుకుని ఇల్లు ఊడ్చేవాళ్లు వింతగా చూసినా, వారానికి నాలుగు రోజులు పరుగు మానలేదు.

జవాబు 3 (సూర్యాపేట):
మీ భయం పోవడానికి ఆధారమే సరిగ్గా లేదని నా అభిప్రాయం. హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటును మాత్రమే చెబుతుంది, రాబోయే నెలలకు హామీ ఇవ్వదు. వ్యాయామం చేశాక కండరాలు ఇన్సులిన్‌కు బాగా స్పందించడం కూడా ఒకటి రెండు రోజులే ఉంటుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి మానవద్దంటారు. ఎండాకాలంలో పరుగు కష్టమైతే వేగంగా నడిచినా సరే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కట్ట మీద రోజూ ఎదురయ్యే ఒక పెద్దాయనకు ఇప్పుడే ఫోన్ చేశాను. ‘ఎక్కడ పోయినవ్ సారూ, బదిలీ అయిందనుకున్న’ అన్నారు. రేపు 5 గంటలకు వస్తానన్నారు. మోకాళ్ల మాట ఇంట్లో చదివి వినిపించాను, మా అమ్మదీ ఆ వైపు ఊరే.