చెయ్యి లాగితే పావడా కూడా లేస్తోంది: స్కాన్ చేసిన బొమ్మ మెష్‌లో తప్పెక్కడ?

పొణికికొయ్య:
మా మావయ్య కొండపల్లిలో బొమ్మలు చేస్తాడు. ఆయన చేసిన కుండ పిల్ల బొమ్మ ఒకటి, ఎత్తు 18 సెంటీమీటర్లు, ఫోన్‌తో 140 ఫొటోలు తీసి పాయింట్ క్లౌడ్ (బొమ్మ ఉపరితలం మీది బిందువుల గుంపు) చేశాను. మెష్‌ల్యాబ్‌లో స్క్రీన్డ్ పాయిసాన్ నడిపి ఆ బిందువుల్ని మెష్‌గా, అంటే చిన్న త్రిభుజాల వలగా మార్చాను, డెప్త్ 8 అలాగే ఉంచేశాను. కుడిచేత్తో తల మీది కుండ పట్టుకుని ఉంటుంది, ఎడమచెయ్యి పావడా పక్కన కిందికి ఉంటుంది. ఆ చెయ్యి కూడా కుండ మీదికి ఎత్తితే ఎలా ఉంటుందో ప్రింట్ తీసి మావయ్యకి చూపించాలని నా ఆశ. కొయ్య మీద ఉలి పెట్టకముందే చూసుకోవచ్చు కదా.

లిబ్‌ఐజీఎల్‌లో ఏఆర్ఏపీ (ఒకచోట పట్టుకుని లాగితే మిగతా ఆకారం వీలైనంత చెడకుండా మెష్‌ని వంచే పద్ధతి) వాడుతున్నా. పాదాలు కదలకుండా పెట్టి మణికట్టు పట్టుకుని లాగితే పావడా అంచు కూడా వెంట లేస్తోంది. పావడాని కూడా కదలకుండా పెడితే మణికట్టు దగ్గర మెష్ జీడిపాకంలా సాగుతోంది. రెండు రాత్రులు పోయాయి. వర్టెక్స్‌లు (త్రిభుజాల మూలలు) 59,194, ఎడ్జ్‌లు (భుజాలు) 1,77,600, ఫేస్‌లు (త్రిభుజాలు) 1,18,400. చిరుగుల్లాంటి రంధ్రాల్లేవు, నాన్‌మానిఫోల్డ్ ఎడ్జ్‌లు (రెండుకి మించి ఫేస్‌లు కలిసేవి) సున్నా.

ముక్కోణం:
ఏఆర్ఏపీ తప్పేం లేదండి. జవాబు మీరిచ్చిన అంకెల్లోనే ఉంది. వర్టెక్స్‌ల్లోంచి ఎడ్జ్‌లు తీసేసి ఫేస్‌లు కలపండి: మైనస్ 6 వస్తుంది. మూసుకున్న ఒకే ముక్క మెష్‌కి అది 2 మైనస్ 2జీ, అంటే జీనస్ 4. బొమ్మకి ఇటు నుంచి అటు దూరే కన్నాలు నాలుగున్నట్టు లెక్క, గారెకి ఒకటి ఉన్నట్టు. ఎత్తిన కుడిచేతికీ తలకీ మధ్య ఉన్నది అసలైనది. మిగతా మూడూ ఎక్కడివి?

నా అనుమానం ఎడమచెయ్యి పావడాకి రెండు చోట్ల అతుక్కుపోయిందని. పాయిసాన్ మొత్తం పెట్టెని డెప్త్ 8లో ఒక్కో వైపు 256 గళ్లుగా కోస్తుంది. మీ బొమ్మకి చుట్టూ కాస్త ఖాళీ కలిపితే గడి 0.8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. సందు అంతకంటే సన్నగా ఉంటే పూడిపోతుంది. బయటికి ఏ లోపమూ కనపడదు, అందుకే ఇది మనల్ని ఇంత తిప్పలు పెడుతుంది.

కళ్లతో వెతక్కండి. పావడా మధ్యలో ఒక బిందువు పెట్టి జియోడెసిక్ దూరాన్ని (ఉపరితలం మీదుగానే కొలిచే దూరం) బట్టి రంగు వేయించండి, మెష్‌ల్యాబ్‌లోనే ఉంది. చెయ్యి విడిగా ఉంటే దూరం నడుము, భుజం మీదుగా తిరిగి రావాలి, వేళ్లు బాగా దూరపు రంగులో పడాలి. దగ్గరి రంగు వేళ్ల మీదికి నేరుగా దూకిన చోటే వంతెన. అక్కడి ఫేస్‌లు చెరిపేస్తే చేతికొకటి, పావడాకొకటి అంచులు మిగులుతాయి. దేనికది విడిగా మూయండి.

ఇంకో మాట: చెయ్యి ఒక్క లాగులో పైకి తీసుకెళ్లకండి. పది పదిహేను డిగ్రీలు తిప్పి, ఆ ఫలితం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

రాత్రిరెండర్:
డెప్త్ 10 పెడితే గడి 0.2 మిల్లీమీటర్లకి దిగుతుంది, ముందు అది చూడు తమ్ముడూ. కాకపోతే ఆ సందులోకి కెమెరా చూపే వెళ్లకపోతే పాయింట్లు ఉండవు, ఎంత పెంచినా లాభం లేదు. నునుపు చెయ్యడానికి లాప్లాసియన్ స్మూతింగ్ మాత్రం వాడొద్దు. ప్రతి వర్టెక్స్‌నీ పక్కవాటి సగటు వైపు జరుపుతుంది కాబట్టి ముక్కు, వేళ్లు అరిగిపోతాయి. టౌబిన్ వాడు, 1995 నాటి పద్ధతే అయినా ఇప్పటికీ నాకు అదే నమ్మకం. ఒక అడుగు లోపలికి, తర్వాతది బయటికి వేస్తుంది.

అసలు కొండపల్లి బొమ్మలకి చేతులు విడిగా చెక్కి అతికిస్తారు కదా? అతికించకముందు మొండెం, చేతులు వేర్వేరుగా స్కాన్ చేస్తే ఈ గొడవే ఉండదు.

పొణికికొయ్య:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. రంగు వేయగానే మోచేయి దగ్గర ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి, రెండు వంతెనలు బయటపడ్డాయి. కోసి మూశాక జీనస్ 2. మిగిలిన అదనపు కన్నం జడ వెనక ఉంది. అది మావయ్య చెక్కిందో స్కాన్ చేసిందో తేలక, సూదికి నూలు దారం ఎక్కించి బొమ్మ జడ కింద దూర్చి చూశాను. దూరలేదు, జడ వీపుకే చెక్కి ఉంది. దాన్నీ పూడ్చేశా.

చెయ్యి ఇప్పుడు పావడాని వదిలి పైకి లేస్తోంది. మావయ్యకి ఫోన్ చేస్తే, "చేతులు అతకకుండా ఒకటి ఉంచుతాలే, చింతగింజల ముద్ద పెట్టేలోపు వచ్చి ఫొటోలు తీసుకో" అన్నాడు. ఆదివారం వెళ్తున్నా.