విత్తనాలను ఫ్రీజర్‌లో దాచాలా, ఏటా వేసి కొత్తవి కట్టుకోవాలా?

పెరటిగింజ:
నా దగ్గర ఆరు రకాల కూరగాయల నాటు విత్తనాలున్నాయి. చోటు చాలక అన్నింటినీ ఏటా వేయలేను. ఫ్రీజర్‌లో పెట్టవచ్చా?

మంచుపెట్టె:
తప్పక పెట్టండి, కానీ ముందు బాగా ఆరబెట్టండి. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని, నిల్వచోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా అంతేనని విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ చెప్పిన సూత్రాలు చెబుతాయి. ప్రపంచ దేశాల విత్తనాలను భద్రపరచడానికి నార్వే దీవుల్లో 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారంలోనూ ఆరబెట్టిన విత్తనాలనే మైనస్ 18 డిగ్రీల వద్ద ఉంచుతారు. గుమ్మడి గింజను వంచి చూడండి: టప్పున విరిగితే ఆరినట్టు, వంగితే తేమ ఉన్నట్టు. చిక్కుడు గింజను సుత్తితో కొడితే పగలాలి, నలిగిపోకూడదు.

మట్టిచేయి:
విత్తనం నేలలో పడితేనే బతుకుతుంది. ఫ్రీజర్‌లో దాచిన ఉల్లి విత్తనాన్ని ఒకరు నాకిచ్చారు. నారుమడి సిద్ధం చేసి, పోసి, మూడు వారాలు నీళ్లు చల్లినా ఒక్క మొలకా రాలేదు.

మంచుపెట్టె:
ఉల్లి విత్తనం స్వభావమే అంత. మామూలు గదిలో ఏడాది, రెండేళ్లకే దాని మొలక శక్తి పడిపోతుంది. టమాటా నాలుగైదేళ్లు ఆగుతుంది. ఒక్క ఉల్లిని చూపించి ఫ్రీజర్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు.

వేపనీడ:
బూడిదలో కలిపి డబ్బాలో పోస్తే చాలు.

మంచుపెట్టె:
చాలదండీ. పొడి బూడిద గింజలోని తేమను లాగుతుంది, నిజమే. మూత సరిగా పట్టని డబ్బాలో వానాకాలం గడిస్తే ఆ బూడిదే చెమ్మగిల్లుతుంది.

మట్టిచేయి:
బూడిద సంగతి అలా ఉంచండి. ఆ ఉల్లి విత్తనం ఇచ్చినవారు ఫ్రీజర్ నుంచి సీసా తీసి, అక్కడికక్కడే మూత విప్పడం నేను కళ్లారా చూశాను. గాజు లోపలి అంచున సన్నగా చెమ్మ పట్టింది. చెంచాతో తీస్తే నల్లని గింజలు ఒకదానికొకటి అతుక్కుని వచ్చాయి. మిగిలినవాటిని అలాగే మూసి మళ్లీ లోపల పెట్టారు.

మంచుపెట్టె:
అది దాచినవారి తప్పు. సీసా గది వేడికి వచ్చేదాకా, రాత్రంతా ఆగి అయినా సరే, మూత తీయకూడదు. ఇంతకీ మీ కోపం ఫ్రీజర్ మీదా, ఆ మనిషి మీదా?

మట్టిచేయి:
మనిషి మీదే, ఒప్పుకుంటున్నాను. అది మా అమ్మ ఏళ్ల తరబడి కట్టిన వంగడం. వారికి ఇచ్చింది నేనే. నా దగ్గరున్నది చెడిపోయాక తిరిగి అడిగాను. పొట్లం మీద సంవత్సరం లేదు. అడిగితే, ఫ్రీజర్‌లోనే ఉన్నాయి, ఏమీ కాదన్నారు. లోపల పెట్టామన్న ధీమాతో ఎవరూ మొలిపించి చూడరు. నేను మొదటి నుంచీ చెప్పాలనుకున్నది ఇదే.

మంచుపెట్టె:
మీ అమ్మగారి వంగడం పోయినందుకు నిజంగా బాధగా ఉంది. ఏటా తడిగుడ్డలో పది గింజలు మొలిపించి చూడాలన్న మాటను నేను ముందే చెప్పవలసింది. అయినా ఏటా వేయడం ఒక్కటే దారి అంటే ఒప్పుకోలేను. ఉల్లిలో పరపరాగ సంపర్కం, అంటే ఒక మొక్క పుప్పొడి మరో మొక్క పూలకు చేరడం, ఎక్కువ. నాలుగైదు మొక్కల నుంచే విత్తనం కడుతూ పోతే వంగడం బలహీనపడుతుంది, దగ్గరలో వేరే ఉల్లి పూస్తే కలిసిపోతుంది. పైగా ఒక్క చెడ్డ ఏడు చాలు, అంతా పోవడానికి.

మట్టిచేయి:
అందుకే నలుగురి చేతుల్లో ఉండాలంటాను, నలుగురూ వేసేవారై ఉండాలి.

పెరటిగింజ:
ఇప్పుడే గుమ్మడి గింజను వంచి చూశాను. విరగలేదు, వంగింది. అన్నింటినీ మళ్లీ నీడలో ఆరబోశాను. పొట్లాల మీద సంవత్సరం రాస్తున్నాను.