డ్రమ్ శాండర్ డ్రమ్మును బల్లకు సమాంతరంగా నిలపడం ఎలా?

విశాఖపట్నం ఆటోనగర్‌లోని మా వడ్రంగి కార్ఖానాలో 16 అంగుళాల డ్రమ్ శాండర్‌ను (ఉప్పుకాగితం చుట్టిన, తిరిగే డ్రమ్ము కింద నుంచి పలకను పంపి నునుపు చేసే యంత్రాన్ని), అందులోనూ డ్రమ్ముకు ఒక పక్కనే ఆధారం ఉండి రెండో పక్క తెరిచి ఉండే రకాన్ని, ఇటీవల బిగించాము. యంత్రం ఆపి, డ్రమ్ము రెండు చివర్లలోనూ ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులను కొలిచే లోహపు రేకుల సాధనంతో) కొలిస్తే డ్రమ్ముకూ బల్లకూ మధ్య సందు సమానంగానే ఉంటోంది. కానీ టేకు పలకను పంపితే తెరిచిన వైపు అంచు దాదాపు అర మిల్లీమీటరు మందంగా మిగులుతోంది. చెక్క ఒత్తిడికి ఆ చివర పైకి లేస్తోందని నా అనుమానం. అందుకని దానిని ముందుగానే కొద్దిగా కిందికి దించవచ్చునా, లేక ఒక్కో విడతలో తీసే మందాన్ని తగ్గించడమే సరైన మార్గమా? దించితే, డ్రమ్ముకన్నా వెడల్పైన తలుపు పలకలను రెండు వైపుల నుంచీ పంపినప్పుడు నడుమ గీత పడుతుందన్నదే నా ప్రధానమైన భయం.

మరొక విషయం. వానాకాలపు సముద్రపు తేమకు 120 నంబరు ఉప్పుకాగితం చుట్టు వదులవుతోంది, టేకులోని జిడ్డు దానికి పట్టి చెక్కపై నల్లని కాలిన చారలు పడుతున్నాయి. ఇంకా గరుకైన 80 నంబరుతో మొదలుపెట్టి, పలకను కొంచెం ఏటవాలుగా పంపితే ఇది తగ్గుతుందా? కోస్తాలో ఈ యంత్రాన్ని నడుపుతున్న అనుభవజ్ఞులు దయచేసి వివరంగా తెలియజేయగలరు.