జాజ్‌లో వాయించే ఆటమ్ లీవ్స్ పాట: సోలోకి ఒక్క స్కేల్ చాలా, కార్డ్ కార్డ్‌కీ మారాలా?

కోట వయొలిన్ (విజయనగరం): జోసెఫ్ కోస్మా 1945లో కట్టిన ఈ పాటని జి మైనర్‌లో వాయించేవాళ్లు జి ని షడ్జం అనుకోండి. పాటంతా నటభైరవి, అంటే నేచురల్ మైనర్ స్కేల్. డి సెవెన్ అనే కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) దగ్గర మాత్రం కాకలి నిషాదం (ఎఫ్ షార్ప్), అంటే కీరవాణి. అంతే. కార్డ్‌కో స్కేల్ అని పిల్లల్ని హడలగొట్టకండి.

నాగావళి కీస్ (శ్రీకాకుళం): అలా వాయిస్తే ఏ కార్డ్ మీదున్నారో వినేవాళ్లకి తెలీదండీ. మొదటి నాలుగు బార్లు (నాలుగేసి బీట్ల ముక్కలు) సి మైనర్ సెవెన్, ఎఫ్ సెవెన్, బి ఫ్లాట్ మేజర్ సెవెన్, ఈ (E) ఫ్లాట్ మేజర్ సెవెన్. సి మైనర్‌లో ఏడో స్వరం బి ఫ్లాట్. అది అరమెట్టు దిగితే ఎఫ్ సెవెన్‌లో మూడోదైన ఏ (A). సి మైనర్‌లో మూడోదైన ఈ ఫ్లాట్ అక్కడే ఉండి ఎఫ్ సెవెన్‌లో ఏడోదవుతుంది, తర్వాతి బార్లో డి కి దిగుతుంది. ఇలా మూడు, ఏడు స్వరాల్నే బార్ మొదటి బీటు మీద పెట్టి పాట చివరిదాకా వెళ్లండి. పక్కన ఎవరూ వాయించకపోయినా కార్డ్‌లు వినపడతాయి.

అరసవల్లి గిటార్: మెట్రోనోమ్ నిమిషానికి 60 బీట్లలో పెట్టి చెయ్యండి. అంతకన్నా వేగం మొదట్లో వద్దు.

కోట వయొలిన్: ఆ స్వరాలన్నీ నటభైరవిలోవే కదా! మీరు కొత్తగా చెప్పిందేటి?

నాగావళి కీస్: స్కేల్‌లో ఉంటే సరిపోదు, ఎక్కడ ఆగుతున్నామో చూసుకోవాలి. బి ఫ్లాట్ మేజర్ సెవెన్ మీద ఈ ఫ్లాట్ పట్టుకుని నిలబడండి, కార్డ్‌లోని డి తో కొట్టుకుంటుంది. తొందరపడి డి సెవెన్‌కి ముందొచ్చే ఏ (A) హాఫ్ డిమినిష్డ్ కార్డ్ మీదే ఎఫ్ షార్ప్ పట్టినా అంతే, అక్కడ జి ఉంది. ఆ జి ఎఫ్ షార్ప్‌కి దిగడమే డి సెవెన్ వచ్చిందనడానికి గుర్తు. ముందే వాయించేస్తే ఇక దిగడానికేం మిగలదు.

కోట వయొలిన్: వయొలిన్ వాళ్లకి హార్మనీ రాదని ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాళ్లు చులకన చెయ్యడం మాకేం కొత్త కాదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ ఊరు మాది.

నాగావళి కీస్: ద్వారం వారినెందుకు లాగుతారు? నేను మాట్లాడింది ఈ ఫ్లాట్ గురించి!

పైడితల్లి బేస్: ఆగండి బాబూ. మీ అసలు పేచీ షడ్జం దగ్గర. కోట గారు జి ని కదలనివ్వరు. నాగావళి గారు బి ఫ్లాట్ వచ్చేసరికి దాన్నే షడ్జం చేసేస్తారు.

కోట వయొలిన్: అదే నా మాట. బి ఫ్లాట్ నాకు సాధారణ గాంధారం. దాన్ని షడ్జం చేస్తే గ్రహభేదం. అది రుచి చూపించి వెనక్కి రావాల్సింది గానీ, నాలుగు బార్లకోసారి చేసేది కాదు.

నాగావళి కీస్: బేస్ సి, ఎఫ్, బి ఫ్లాట్ అని వెళ్తుంటే బి ఫ్లాట్ దగ్గర విశ్రాంతి వినపడి తీరుతుందండీ. పైగా బ్రిడ్జ్‌లో (పాట మధ్య భాగంలో) వరస తిరగబడుతుంది, ముందు జి మైనర్‌కి వెళ్లి తర్వాత బి ఫ్లాట్‌కి. మీ సోలోలో ఆ మలుపేదీ?

కోట వయొలిన్: సి మైనర్ మీద జి పంచమం. ఎఫ్ సెవెన్ మీద తొమ్మిదోది, బి ఫ్లాట్ మీద ఆరోది. ఎక్కడా కొట్టుకోదు. నేనెందుకు కదలాలి?

నాగావళి కీస్: డి సెవెన్ మీదా అదే జి పట్టుకుని రికార్డు చేసి పెట్టండి. ఎఫ్ షార్ప్ నేను వాయిస్తాను.