డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్): మొదటి రౌండ్‌లో ఇండియానాను ప్రత్యర్థిగా కోరుకోవడం పొరపాటేనా?

అట్లాంటాలో ఉంటూ ఇక్కడి జట్టైన ‘అట్లాంటా డ్రీమ్’ను అభిమానించే మా ఇంట్లో 2025 సెప్టెంబరు నుంచి ఒక వాదన తేలకుండా ఉంది. మహిళల బాస్కెట్‌బాల్ బాగా తెలిసినవారు తేల్చగలరేమోనని అడుగుతున్నాను. లీగ్ దశలో లాస్ వేగాస్, అట్లాంటా రెండూ 30 గెలుపులు, 14 ఓటములతో సమానంగా నిలవగా, రెండవ స్థానం వేగాస్‌కు, మూడవది మాకు దక్కింది. దానితో ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ) మొదటి రౌండ్‌లో, మూడింట రెండు గెలవాల్సిన పోరులో, వారికి సియాటిల్, మాకు ఇండియానా ప్రత్యర్థులయ్యాయి. ఇండియానా తార కెయిట్లిన్ క్లార్క్ గాయంతో ఆడడం లేదు కనుక ఇండియానాయే నయమని నేనన్నాను. బుట్ట దగ్గర ఆడే పొడగరి అలియా బోస్టన్, పాయింట్లు బాగా సాధించే కెల్సీ మిచెల్ ఉన్న జట్టును తేలికగా తీసుకోవద్దంటూ మా అమ్మాయి, ఫ్రిజ్ తలుపుకు అంటించిన పోటీల పట్టికలో ఇండియానా పేరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. మొదటి ఆట 80-68తో గెలిచినప్పుడు మీసం మెలేసిన నేను, మూడవ ఆటలో సొంత కోర్టులోనే 85-87తో ఓడాక మాట్లాడలేకపోయాను. అయితే సియాటిల్ కూడా వేగాస్‌ను మూడవ ఆట దాకా లాగి, ఒక్క పాయింటు తేడాతోనే ఓడింది కదా!

మూడే ఆటల పోరులో ప్రత్యర్థిని బేరీజు వేసేటప్పుడు గాయాలను చూడాలా, బుట్ట దగ్గర ఆడే పొడగరుల బలాన్ని చూడాలా? మా స్థానంలో ఉంటే మీరు ఈ రెండు జట్లలో దేనిని కోరుకునేవారో, ఎందుకో దయచేసి వివరించగలరా?