మానుకోట బాబు కేసు చూసినంక డౌట్: తెలిసినోళ్ళ బండి ఎక్కొద్దని పిల్లలకి ఎట్ల చెప్పాలె?

హనుమకొండ అమ్మ:

అందరికీ నమస్తే. నిన్నటి నుంచి మా కాలనీ వాట్సాప్ గ్రూపుల ఒకటే వాయిస్ మెసేజ్ తిరుగుతుంది, పిల్లల్ని ఎత్తుకపోయే ముఠా దిగింది, తెల్ల వ్యాన్ల తిరుగుతున్నరు అని. ఏ ఊర్ల, ఎవరు చెప్పిండ్రు, ఏం లేదు. దాని కింద ఎవరో 2020ల మానుకోటల, అదే మహబూబాబాద్‌ల, ఎత్తుకపోయి చంపేసిన బాబు ఫోటో పెట్టిండ్రు. అప్పుడు టీవీల చూసిన గానీ మా వాడు అప్పటికి చంటోడు, అంత మనసుకెక్కలే. ఇప్పుడు మా వాడికి ఎనిమిది, ఆ బాబుకి తొమ్మిది. రాత్రి నిద్ర పట్టలే.

వ్యాన్ సంగతి దేవుడెరుగు, నాకు గుబులు పుట్టింది ఇంకోదానికి. మా గల్లీల వాటర్ క్యాన్లు ఏసే అబ్బాయి ఉన్నడు, మూడేండ్ల నుంచి వస్తుండు, మంచి పిల్లగాడే, మా వాడంటే పానం. క్యాన్లు దించినంక టీవీఎస్ ఎక్సెల్ మీద ముందల నిలబెట్టుకొని గల్లీ చివరి దాక ఒక రౌండ్ తిప్పి తెచ్చి దించుతడు. హారన్ ఇనబడితే చాలు మా వాడు చెప్పులు కూడ ఏసుకోకుండ ఉరుకుతడు. మానుకోట బాబు గూడ తెలిసినోడు పిలిస్తేనే బండెక్కిండట కదా. మరి ఇప్పుడు ఆ అబ్బాయికి వద్దు అని ఎట్ల చెప్పాలె, ఏ తప్పు చేయనోన్ని దొంగని చేసినట్టు అయితది. మా అత్తమ్మ అయితే "మంచిగున్న పిల్లగాన్ని అనుమానిస్తవా" అని రెండు రోజుల నుంచి నాతోని సరిగ్గ మాట్లాడుతలేదు. ఇంకోటి, ఆ కేసుల ఉరి పడ్డదన్నరు, అమలైందా? తెలిసినోళ్ళు చెప్పండి.

మానుకోట పోరడు:

అక్కా, ముందు ఆ గ్రూపుల పెట్టిన బాబు ఫోటో తీసేయమని చెప్పు. ఆ తల్లిదండ్రులు ఇంకా ఇదే ఊర్ల ఉంటరు, ఐదేండ్లయినా ఎక్కడో ఒక గ్రూపుల ఆ ఫోటో తిరుగుతనే ఉంటది.

మాది మహబూబాబాదే కాబట్టి చెప్తున్న. 2020 అక్టోబర్ 18, ఆదివారం. కరోనా టైం, బళ్ళు లేవు, పిల్లలంత గల్లీలల్లనే. దసరాకు వారం ఉంది. పొద్దుగూకే టైంకి బాబు ఇంటి ముందు ఆడుకుంటుండె, తీసుకపోయినోడు బండ్లు రిపేరు చేసే మెకానిక్, ఇంటోళ్ళకు ఎరుకున్నోడే. ఆ రాత్రే తల్లికి ఫోను, 45 లక్షలు కావాలె అని. మామూలు సిమ్ము నుంచి చేస్తే పొద్దటికల్ల దొరికేటోడు, వాడు డింగ్‌టోన్ అని ఒక యాప్ ఉంటది, ఇంటర్నెట్ నుంచి చేసే కాల్, నంబరు చూస్తే ఏ దేశందో అన్నట్టు ఉంటది. పోలీసోళ్ళకు దాని వెనుక పోవడానికే నాలుగు రోజులు పట్టింది. 22 తారీకు దానమయ్య గుట్ట మీద దొరికిండు బాబు.

ఆ నాలుగు రోజులు ఊరు ఎట్లుండెనో ఇప్పటికీ యాదికుంది. చాయ్ హోటల్ కాడ ఒకడు నలుగురు కలిసి చేసిండ్రంటడు, ఇంకోడు తండ్రికి ఎవనితోనో పడకనే అంటడు, ఫేస్‌బుక్‌ల అయితే పేర్లతో సహా పెట్టిండ్రు. అరె ఎవడన్నా చూసిండా? చివరికి ఎస్పీ వచ్చి ఇది ఒక్కడు చేసిన పని అన్నడు. తీసుకపోయిన కొన్ని గంటలల్లనే చంపేసి, ఆ తర్వాత కూడ డబ్బుల కోసం ఫోన్లు చేస్తనే ఉన్నడు. పాపం ఆ తల్లి బాబు బతికే ఉన్నడనుకొని వానితోని బతిమాలుకుంట మాట్లాడింది. నాకు ఉరి గిరి కన్న అదే ఎక్కువ గుర్తొస్తది.

2023 సెప్టెంబర్ల మా జిల్లా కోర్టు ఉరి శిక్ష ఏసింది. తర్వాత సంగతి లాయర్లే చెప్పాలె.

గుంటూరు కారం:

ఇలాంటోళ్ళకి కోర్టులెందుకండీ, పట్టుకున్న రోజే లేపేయాలి. మన టాక్స్ డబ్బుల్తో చికెన్ పెట్టి మేపుతున్నారు.

నల్లకోటు:

@గుంటూరు కారం, దిశ కేసులో అలా లేపేసినప్పుడు అందరం టపాసులు కాల్చాం. తర్వాత సుప్రీం కోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఆ ఎన్‌కౌంటర్ నిజమైంది కాదని, పది మంది పోలీసుల మీద హత్య కేసు పెట్టి విచారించాలని రిపోర్ట్ ఇచ్చింది. పైన మానుకోట తమ్ముడు చెప్పాడుగా, ఫేస్‌బుక్‌లో పేర్లతో సహా పెట్టారని. ఆ పేర్లలో ఒకడిని మీరు రెండో రోజే లేపేసి ఉంటే?

అమ్మా, ఉరి గురించి అడిగారు. జిల్లా కోర్టు ఉరి వేసినంత మాత్రాన అయిపోదు, హైకోర్టు కన్ఫర్మ్ చేస్తేనే అది శిక్ష, తర్వాత సుప్రీం కోర్టు, ఆ తర్వాత రాష్ట్రపతి క్షమాభిక్ష. మీ హనుమకొండలోనే 2019లో తొమ్మిది నెలల పాప కేసు గుర్తుందా, రెండు నెలల్లోపే ఉరి వేశారు, దేశమంతా మెచ్చుకున్నారు, అదే సంవత్సరం నవంబర్లో హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. కాబట్టి టీవీలో "ఉరి" అని స్క్రోలింగ్ వచ్చిన రోజు మన కాలనీల్లో స్వీట్లు పంచడం నాకు ఎప్పుడూ తొందరే అనిపిస్తది.

చాలామందికి తెలీని పాయింట్ ఒకటి. డబ్బు కోసం కిడ్నాప్ చేసి బెదిరిస్తే చాలు, అది ఐపీసీ 364ఏ, 1993లో తెచ్చిన సెక్షన్, ఉరి లేదా యావజ్జీవం. ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 140 (2). పిల్లాడు కనపడకపోతే "రేపటిదాకా చూద్దాం, బంధువుల ఇంటికెళ్ళాడేమో" అని స్టేషన్లో అంటే ఒప్పుకోవద్దు. 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీం కోర్టు క్లియర్‌గా చెప్పింది, పిల్లలు తప్పిపోయారని కంప్లైంట్ వస్తే కిడ్నాప్ అనే అనుకుని ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. మా స్టేషన్ పరిధి కాదు అనడానికీ లేదు, జీరో ఎఫ్ఐఆర్ ఉంది. 112కి కొట్టండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఫోటో విషయం: పిల్లాడు దొరకనంతసేపు ఫోటో ఎంతమందికి వెళ్తే అంత మంచిది. తర్వాత తీసేయాలి. నేరానికి బలైన పిల్లల పేరు, ఫోటో బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74 కింద నేరం, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీ గ్రూప్ అడ్మిన్‌కి ఈ ముక్క చదివి వినిపించండి, వెంటనే తీసేస్తాడు.

ఫిలడెల్ఫియా బాబాయ్:

ఈ టాపిక్ చూసి ఆగలేక రాస్తున్నాను, పెద్ద పోస్ట్ అవుతుంది ఏమనుకోకండి.

2012లో మేం ఫిలడెల్ఫియా పక్కనే ఎక్స్‌టన్‌లో ఉండేవాళ్ళం. అక్టోబర్ 22 సోమవారం, కింగ్ ఆఫ్ ప్రష్యాలో అపార్ట్‌మెంట్‌లో అమ్మానాన్న ఆఫీసుకెళ్ళారు, పది నెలల పాపని చూసుకోడానికి ఇండియా నుంచి వచ్చిన నాయనమ్మ ఇంట్లో ఉంది. మన దగ్గర్నుంచి అమెరికా వచ్చిన ప్రతి పెద్దావిడా చేసే పనే అది. ఆవిడని చంపేసి పాపని ఎత్తుకుపోయారు, 50 వేల డాలర్లు అడుగుతూ కాగితం వదిలారు. ఆంబర్ అలర్ట్ ఇచ్చారు (1996లో టెక్సస్‌లో ఆంబర్ అనే తొమ్మిదేళ్ళ పాపని ఎత్తుకెళ్ళి చంపేస్తే ఆ పేరుతో పెట్టిన సిస్టమ్, పిల్లలు కిడ్నాపైతే జనమందరికీ వెంటనే కబురు పంపేది, ఆ పాపని చంపినవాడు ఇప్పటికీ దొరకలేదు).

మా తెలుగువాళ్ళం అందరం రోడ్ల మీదే. నేను ఆఫీస్ ప్రింటర్‌లో ఫ్లయర్లు కొట్టించి గ్రోసరీ షాపుల్లో అతికించాను. ఆ వారం మా ఆడవాళ్ళు పగలు కూడా తలుపుకి గొలుసు వేసుకునే కూర్చున్నారు, ఎవడో నల్లవాడు, ఎవడో డ్రగ్స్ వాడు అని మాటలు. సిగ్గుగా ఉంది చెప్పడానికి, నేనూ అన్నాను.

ఆ డబ్బు అడిగిన కాగితంలో పాప అమ్మానాన్నల్ని ఇంట్లోవాళ్ళూ ఫ్రెండ్సూ పిలిచే ముద్దు పేర్లతో రాశాడండీ. పోలీసులు అడిగింది అదే, ఈ పేర్లు ఎవరికి తెలుసు అని. వైజాగ్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు, అదే కాంప్లెక్స్‌లో ఉంటాడు, వాళ్ళకి తెలిసినవాడు. క్యాసినోలో డబ్బులు పోగొట్టుకున్నాడు. పాప అదే కాంప్లెక్స్ జిమ్ దగ్గర వాడకుండా వదిలేసిన ఆవిరి గదిలో దొరికింది, ప్రాణం లేకుండా. మేం ఊరంతా ఫ్లయర్లు అతికిస్తున్నాం, పాప ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.

వాడికి 2014లో మరణశిక్ష వేశారు. 2018 ఫిబ్రవరి 23 అని తేదీ కూడా పడింది, ఆగిపోయింది. పెన్సిల్వేనియాలో 1999 తర్వాత ఎవర్నీ చంపలేదు, టామ్ వుల్ఫ్ గవర్నర్‌గా 2015లో మరణశిక్షలు ఆపేశాడు, తర్వాత వచ్చిన గవర్నర్ షపీరో కూడా అదే దారి. నల్లకోటు గారు చెప్పిన కథే ఇక్కడా.

అమ్మాయ్, నీ ప్రశ్నకి వస్తాను. మేం తర్వాత మా పిల్లలకి ఒక "ఇంటి మాట" పెట్టాం. అమ్మా నాన్నా పంపారు అని ఎవరు వచ్చినా, బాబాయ్ అయినా సరే, ఆ మాట చెప్తేనే వెళ్ళాలి. చెప్పలేదంటే అరుచుకుంటూ లోపలికి. దీనివల్ల ఎవరినీ అనుమానించినట్టు ఉండదు, రూల్ అందరికీ ఒకటే.

బెజవాడ అక్క:

మా ఊళ్ళో 2010 జనవరిలో బడికి వెళ్తున్న పదేళ్ళ పాపని కారాపి ఎత్తుకెళ్ళారు, డ్రైవర్ని చంపేశారు, పాపని చంపి గుంటూరులో ఫ్యాక్టరీ కొలిమిలో వేశారు. వాళ్ళ నాన్న ఆ దెబ్బకే గుండె ఆగి పోయాడు. దాంట్లోనూ వెనకున్నది చుట్టరికమే, ఆస్తి గొడవే. 2018లో ముగ్గురికి యావజ్జీవం పడింది. మనం పిల్లలకి నేర్పేది ఏంటంటే "తెలీని అంకుల్ చాక్లెట్ ఇస్తే తీసుకోకు". అసలు కేసులు చూస్తే అంకుల్ తెలిసినవాడే ఉంటున్నాడు, మరి.

మెట్రో పిల్లర్ 1027:

చాక్లెట్ అంటే గుర్తొచ్చింది. 2018 జులైలో హైదరాబాద్ నుంచి కొందరు ఫ్రెండ్స్ బీదర్ వైపు తిరగడానికెళ్ళి బడి పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారు. అంతే, వాట్సాప్‌లో పిల్లల దొంగలు కారులో వస్తున్నారని పోయింది, ముర్కి దగ్గర ఊరోళ్ళు కారు ఆపి కొడితే ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి చనిపోయాడు. ఆ టైంలో తిరిగిన వీడియో ఉంటది చూడండి, బైక్ మీద ఇద్దరొచ్చి వీధిలో పిల్లాడిని ఎత్తుకుపోయేది, అది కరాచీలో ఒక సంస్థ పిల్లల జాగ్రత్త కోసం తీసిన యాడు. చివర్లో పిల్లాడిని తెచ్చి దింపి బోర్డు చూపిస్తారు, ఆ బిట్టు కట్ చేసి వదిలారు. వాట్సాప్ వాడు ఒకేసారి ఐదుగురికే ఫార్వర్డ్ అని పెట్టింది ఇదంతా జరిగాకే. కాబట్టి తెల్ల వ్యాన్ మెసేజ్ ఫార్వర్డ్ చెయ్యకండి ప్లీజ్, ఏ పెళ్ళి వ్యానో చిక్కుకుంటది.

హనుమకొండ అమ్మ:

అందరికీ థాంక్స్. నల్లకోటు గారి సెక్షన్ గ్రూపుల పెట్టిన, పది నిమిషాలల్ల ఫోటో పోయింది. వ్యాన్ మెసేజ్ మాత్రం ఇంకా తిరుగుతనే ఉంది.

వాటర్ క్యాన్ అబ్బాయితోని నేనే మాట్లాడిన. "తమ్మీ, ఇగ ఎవరి బండి మీద గూడ ఎక్కియ్యొద్దని ఇంట్ల రూల్ పెట్టినం, మా తమ్మునికి గూడ ఇదే చెప్పిన" అన్న. కొద్దిగ ముఖం చిన్నబుచ్చుకున్నడు, మళ్ళ వానంతట వాడే "కరెక్టే అక్కా, నాకూ ఒక బిడ్డ ఉంది" అన్నడు. ఇప్పుడు గేటు కాడనే బండి స్టాండ్ ఏసి మా వాన్ని కూసోబెట్టి హారన్ కొట్టనిస్తుండు. అత్తమ్మ గూడ మాట్లాడుతుంది.

బాబాయ్ గారు చెప్పినట్టు ఇంటి మాట గూడ పెట్టినం, మా వాడే ఏరుకున్నడు, "సర్వపిండి" అని. పెట్టిన గంటకే వాటర్ క్యాన్ అబ్బాయి వస్తే గేటు కాడికి ఉరికి "అన్నా మా పాస్‌వర్డ్ సర్వపిండి, ఎవ్వలకి చెప్పకు" అని వానికే చెప్పిండు. రాత్రి కూసోబెట్టి మళ్ళ కొత్తది పెట్టినం.