నాలుగు భుజాలూ వేర్వేరు, ఒకవైపు వంపు: వైశాల్యం ఎలా కట్టాలి?

ప్రశ్న:
ఒక స్థలం ఉంది, భుజాలు వరసగా 13, 14, 9, 12 మీటర్లు. ఎదురెదురు భుజాల సగటు తీసి గుణిస్తే చాలన్నారు, చేస్తే 11 × 13 = 143 చదరపు మీటర్లు వచ్చింది. ఇది సరైనదేనా? పైగా ఆ 12 మీటర్లు మూల నుంచి మూలకి తిన్నగా కొలిచింది, అసలు హద్దు అక్కడ బయటికి ఉబ్బి ఉంది, దాన్నేం చేయాలో తోచట్లేదు.

జవాబు:
సగటు పద్ధతి వద్దండి. దీర్ఘచతురస్రమైతే తప్ప అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. అసలు నాలుగు భుజాలు తెలిసినంత మాత్రాన వైశాల్యం తేలదు. నాలుగు పుల్లల్ని మూలల దగ్గర వదులుగా కట్టి ఒక పక్కకి నెట్టి చూడండి, పుల్లలు అవే ఉంటాయి కానీ లోపలి జాగా మారిపోతుంది. త్రిభుజం అలా కదలదు, అందుకే ఆకారాన్ని త్రిభుజాలుగా కోస్తాం. 13, 14 భుజాల అవతలి కొసల్ని కలిపే కర్ణం ఎంతుందో కొలవండి.

అడిగినవారు:
కొలిచాను, సరిగ్గా 15. కానీ కర్ణం లేకుండా, నాలుగు భుజాలతోనే వైశాల్యం కట్టే బ్రహ్మగుప్తుడి సూత్రం వాడకూడదా?

జవాబు:
ఆయన 628లో ఇచ్చిన ఆ సూత్రం నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉంటేనే సరిపోతుంది. మీ కొలతలకి దాదాపు 140.7 వస్తుంది, అంటే ఆ నాలుగు భుజాలతో సాధ్యమయ్యే అత్యధిక వైశాల్యం అది. మీ స్థలం అంత లేదు. 9, 12, 15 లంబకోణ త్రిభుజం కాబట్టి 54. 13, 14, 15కి హెరాన్ సూత్రం (మూడు భుజాలతో త్రిభుజ వైశాల్యం కట్టేది) వేస్తే, చుట్టుకొలతలో సగం 21, అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 8, 7, 6, అప్పుడు 21 × 8 × 7 × 6 = 7056, దాని వర్గమూలం 84. మొత్తం 138.

ఇంకొకరి జవాబు:
వంపు సంగతి నేను చెబుతాను. ఆ 12 మీటర్ల గీత మీద ప్రతి 3 మీటర్లకీ ఒకచోట నిలబడి, హద్దు వరకు లంబంగా దూరం కొలవండి. ఉదాహరణకి 0, 2, 3, 2, 0 వచ్చాయనుకుందాం. మొదటిదాన్నీ ఆఖరిదాన్నీ సగం చేసి మిగతావి కలిపితే 7, దాన్ని 3తో గుణిస్తే 21. బయటికి ఉబ్బిన వంపుకి ఇది కాస్త తక్కువ చూపిస్తుంది, వంపుని కూడా లెక్కలోకి తీసుకునే సింప్సన్ సూత్రంతో 22 వస్తుంది (ముక్కలు సరిసంఖ్యలో ఉండాలి, ఇక్కడ 4 ఉన్నాయి). మీ కొలతలతో అలా వచ్చిన వైశాల్యాన్ని 138కి కలపండి. వంపు ఎక్కడైనా గీత దాటి లోపలికొస్తే ఆ ముక్కని విడిగా కట్టి తీసేయాలి, చాలామంది అక్కడే పొరబడతారు.